అతుకు కనబడని పచ్చిక

"గడ్డికి దూప కాలేదు బిడ్డా. ఊకె నీళ్లు పోసి దాన్ని పరేషాన్ చెయ్యకు."

మంజుల పైపు పట్టుకొనే తిరిగి చూసింది.

గేటు బయట తెల్లచీర కట్టుకున్న ముసలామె. ప్రతి ఆదివారం ఆ గల్లీ మీదనుంచే చర్చికి పోయొస్తుంటది. పేరు తెలువదు.

బొగ్గుబాయిల ఊరు శ్రీరాంపూర్‌ల మంజుల ఇల్లు కట్టి ఏడాదైంది. ఇంటి ముందట ముచ్చటపడి పచ్చిక పెంచింది. సిరిసిల్లల ఒక్క గదిల, మరమగ్గాల చప్పుడు నడుమ పెరిగిన పిల్ల ఆమె. నలభై ఏండ్లు మగ్గం కాడ నిలబడ్డ బాపు హనుమంతు వచ్చే నెల మొదటిసారి ఈ ఇంటికి వస్తుండు. ఆయనను ఈ పచ్చిక మీద కూసోబెట్టాలె.

సరిగ్గ నడిమిట్లనే మూడు చోట్ల, చాటంత చాటంత మేర, గడ్డి చచ్చిపోయింది.

"నీకేం తెలుసవ్వా? యూరియా గూడ ఏసిన."

"ఏసినవా! గందుకే ఇంకింత మాడింది. జర గడ్డపార ఇయ్యి."

ఇష్టం లేకుండనే గేటు తీసి ఇచ్చింది మంజుల.

గడ్డపార జానెడు దిగి ఖంగుమన్నది. ముసలామె కూసోని తవ్వింది. సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సున్నం.

"ఇల్లు కట్టినోళ్లు పూడ్చిపోయిండ్రు. వేరుకు కిందికి తొవ్వ లేదు. మీద ఎన్ని నీళ్లు పోస్తే ఏం ఫాయిదా?"

అంతా ఏరి పారేసింది. మంజులతోని ఎర్రమన్ను, మాగిన మేకల ఎరువు తెప్పిచ్చి, కలిపి నింపింది. పచ్చగున్న అంచుల నుంచి పిలకలు తీసి, నాలుగు వేళ్ల ఎడం పెట్టి నాటింది.

"తడి ఆరనియ్యకు. నెల దాక తొక్కనియ్యకు."

మంజుల కాగితపు కప్పుల చాయ్ తెచ్చి, గేటు కాడనే ఇచ్చింది.

"ఎవలింట్ల తోటపని చేస్తవవ్వా?"

ముసలామె నడుము నిటారుగ పెట్టి నవ్వింది.

"ఎవలింట్ల చెయ్య. కానీ నా చెయ్యి పడ్డ గడ్డి సావది బిడ్డా."

సావలే. బాపు వచ్చేనాటికి పచ్చిక ఒక్కతీరుగ అల్లుకున్నది.

హనుమంతు చెప్పులు గేటు కాడనే విడిచిండు. వంగి, నేసిన బట్టల తప్పు దేవులాడినట్టు గడ్డి మీద అరచెయ్యి ఆడించిండు.

"ఏడ తెగిందో, ఏడ అతికిండ్రో దొరుకుతలేదు. గింత పనిమంతులు ఎవలు బిడ్డా?"

మంజుల గేటు దిక్కు చూసింది. ఆ అవ్వ పేరడగలే. లోపల కూసోమనలే.

ఆదివారం బాపును తీసుకొని చర్చికి పోయింది. ముసలామెను ఇంటికి పిలిచి, బాపు పక్కన కూసోబెట్టి అన్నం పెట్టాలని.

మెట్ల మీద ఒక పడుచు పిల్లగాడు మంజుల చెప్పిన ఆనవాళ్లు విని తల దించుకున్నడు.

"ఎలీసబెతు. మా అమ్మమ్మనే. నా పేరు బెన్నీ. అమ్మమ్మ పోయిన బుధవారం కాలం చేసింది మేడం."



"మా ఇంట్ల చచ్చిన గడ్డిని బతికిచ్చింది..." అన్నది మంజుల.

బెన్నీ కండ్లు తుడుచుకొని తలెత్తిండు. చర్చి వెనక, మోదుగులు, వేపలు కమ్ముకున్న గుట్ట దిక్కు చెయ్యి చూపిండు.

"అది గుట్ట కాదు మేడం, బొగ్గు కోసం తవ్వి పోసిన రాళ్లదిబ్బ, ఏండ్లకేండ్లు గడ్డిపోస మొలవకుంటే, దినకూలికి పోయిన మా అమ్మమ్మ గంపలతోని మన్ను మోసి, దాని మీద మొట్టమొదటి పిలక నాటి గంత అడవిని లేపింది."