సర్దిన గది

"నా గది ఎవరు ముట్టుకున్నారు?"

కంటి ఆపరేషన్ చేయించుకుని అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చిన అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. నల్ల కళ్ళద్దాలు పైకెత్తి మరీ చూసింది. మంచం నుంచి కిటికీ దాకా ఉండాల్సిన సామాన్ల గుట్ట లేదు. గోడ పొడవునా అరలు, అరల్లో ప్లాస్టిక్ డబ్బాలు, ప్రతి డబ్బా మీదా ఒక చీటీ ఉన్నాయి.

"నేనే సర్దాను అత్తయ్యా" అంది కోడలు సంబరంగా. ఆమెకు మందుల షాపులో పని. ఎక్కడి వస్తువు అక్కడ లేకపోతే ముద్ద దిగదు. "ఒక్కటి కూడా పారెయ్యలేదు. అన్నీ కడిగి, తుడిచి పెట్టాను."

"నా కొంప ముంచావు కదే!"

ఆ గుట్టే ఆవిడ విద్య. ఎవరిదేం పోయినా ఆవిడ దగ్గరికే వస్తారు. ఆవిడ కళ్ళు మూసుకుని గుట్టలో చెయ్యి పెడుతుంది. చేతికి ఏం తగిలితే దాన్ని బట్టి, పోయింది ఎక్కడుందో కళ్ళకు కట్టినట్టు చెబుతుంది. అందుకే అందరూ ఆవిణ్ణి గుట్టమ్మ అంటారు. అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగ్గా గుర్తులేదు. ఇప్పుడు గుట్ట లేదు, గుట్టమ్మ మాత్రం మిగిలింది.

కోడలు ఏదో అనబోయేంతలో వీధి చివరి దర్జీ రొప్పుతూ వచ్చిపడ్డాడు.

"పెద్దమ్మా, మా నాన్న కనపడటం లేదు! పొద్దుననగా వెళ్ళాడు. అసలే మతిమరుపు, పైగా షుగరు. మాత్ర వేసుకోలేదు, ఏమీ తినలేదు. వెతకని చోటు లేదు."

అత్తగారు కోపం దిగమింగి కూర్చుంది. కళ్ళు మూసుకుని అందిన డబ్బాలో చెయ్యి పెట్టింది.

"గుండీ. నీ కొట్లో చూశావా?"

"మొదట అక్కడే చూశాను."

ఇంకో డబ్బాలో పెట్టింది. "తాళంచెవి. ఎక్కడో తాళం వేసిన చోట..."

"తాళం వెయ్యని చోటు ఎక్కడుంది పెద్దమ్మా?"

మూడోసారి చెంచా వచ్చింది. చెంచాల డబ్బాలో చెయ్యి పెడితే చెంచా కాక ఏనుగు వస్తుందా?

కోడలు ఒక్కో డబ్బా లాగి గది మధ్యలో కుమ్మరించింది. మోకాళ్ళెత్తు గుట్ట లేచింది. "ఇదిగో అత్తయ్యా, ఎప్పటిలాగే చేశాను. ఇప్పుడు చూడండి."

అత్తగారు మోచేతి దాకా పెట్టి వెతికింది. విరిగిన బొమ్మ చక్రం ఒకటి బయటికి తీసి, చేతిలో తిప్పి తిప్పి చూసి, కింద పెట్టేసింది.

"ఏమీ తోచటం లేదు. ఇది నా గుట్ట కాదు."

ఆవిడ ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఏడవటం కోడలు చూడటం అదే మొదలు.

"ఏడవకండి అత్తయ్యా, కన్ను పాడవుతుంది" అంటూ తనూ ఏడ్చేసింది.

దర్జీ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మరి మా నాన్న?"

ఆ మాటకు అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంది. కోడలి వైపు తిరిగింది.

"నువ్వు పెట్టు చెయ్యి."

"నేనా? నాకేం వచ్చు?"

"ఒక్కొక్కటీ కడిగిన చేతులు నీవేగా. పెట్టు. అవతల మనిషి ప్రాణం."

కోడలు కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి పెట్టింది. చిన్న ఇత్తడి గంట వచ్చింది.

"గంట" అంది. తర్వాత తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పెద్ద వరండా. మనుషుల్లేరు. మెట్టు మీద ఒక ముసలాయన కూర్చుని మాటిమాటికీ ఎండ చూసుకుంటున్నాడు..."

"బడి!" దర్జీ ఎగిరి లేచాడు. "నాన్న బంట్రోతుగా చేసిన బడి! సెలవు కదా అని అటు వెళ్ళనే లేదు!"

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. కాసేపటికి ఫోన్ చేశాడు. నాన్న దొరికాడు. గంట కొట్టే వేళ అవుతుందని కూర్చున్నాడట. నీరసంగా ఉన్నాడు కానీ భయం లేదు, బిస్కెట్లు తింటూ కొడుకునే తిడుతున్నాడు.

కోడలు ఫోన్ పెట్టేసి అత్తగారి కాళ్ళ దగ్గర కూలబడింది.

"మీ విద్య నేను లాగేసుకున్నాను అత్తయ్యా. నాకొద్దు. మళ్ళీ మీకు రావాలంటే ఏం చెయ్యాలో చెప్పండి, ఏదైనా చేస్తాను."

అత్తగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది.

"ఏం చేసినా రాదే. మా అత్తగారి గది సర్దినప్పుడు నేనూ అన్నీ చేసి చూశాను."