గాలింటి నీడ

కాకినాడలోని ఆ ఇరుకు సందులో నేల మిగలక కొత్త ఇళ్లను గాల్లో తేల్చి తాళ్లతో కట్టేశారు. పెళ్లయిన పదోరోజున ఇందుమతి కాపురం మబ్బుల పక్కన ఊయలలా ఊగింది.

"ఏమ్మా కొత్తపెళ్లికూతురా! నీ ఇంటి నీడకి నా గుమ్మడి వడియాలు బూజు పట్టేత్తన్నాయి. సాయంత్రం సందంతా చేతులెత్తి సరేనంటే నీ తాడు విప్పేత్తాం!" అని కిందినుంచి నరసమాంబ అరిచింది.

ఇందుమతి గభాలున తాడు ముడి చూసుకుంది. అంతలోనే నవ్వొచ్చింది. ఎండంతా తన డాబా మీదే ఉంది కదా!

"పిన్నిగారూ, బుట్ట దించుతున్నా. అందరి వడియాల చాటలూ అందులో పెట్టండి, పైకి లాగుతాను."

సాయంత్రానికి వడియాలు గలగలలాడాయి. ఇందుమతి బుట్ట దించుతుండగా, "తాడు విప్పాలనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు సందు పెద్ద. అన్ని చేతులూ ఒక్కసారే లేచాయి.

"వడియాల కోసం లేచిన చేతులయ్యా అవి, లెక్కెట్టకు!" అంది నరసమాంబ, బుట్ట అందుకుంటూ.