ఆ వాక్యానికి ముందు

ఫోన్ టింగుమంటే చాలు, నర్సమ్మ గుండె జారిపోతోంది.

"నువ్వు ఏ వార్డులో ఉంటావో తెలుసు." పొద్దున్నే వచ్చిన మెసేజ్ అది. కింద పేరు లేదు.

ఏడేళ్ళుగా ఆమె బ్లాగు రాస్తోంది. డ్యూటీలో చూసినవీ, లోలోపల అనుకున్నవీ ఉన్నదున్నట్టు రాసుకునేది. చదివేవాళ్ళు పట్టుమని పాతికమంది కూడా ఉండరు.

పోయిన వారం ఎవరో అందులోంచి ఒకే ఒక్క వాక్యం కత్తిరించి, ఆమె ఫోటో పక్కన పెట్టి జనం మీదికి వదిలారు.

"ఆ ముసలాయన పోయినప్పుడు నాకు హాయిగా అనిపించింది."

అంతే. రాక్షసి అన్నారు. ఉద్యోగం పీకెయ్యమన్నారు. ఆసుపత్రికి ఫిర్యాదుల మీద ఫిర్యాదులు.

అది చాలదన్నట్టు, బెంచీ మీద ఆ మనిషి.

నలిగిన చొక్కా, మాసిన గడ్డం, ఒళ్ళో కాగితాల కట్ట. వార్డు బయటే కూర్చుంటాడు. ఆమె కనబడగానే లేచి నిలబడతాడు.

రెండు రోజులు ఆమె దుప్పట్లు ఉతికే గదిలోంచి వెనక మెట్లు దిగి, ఎవరో తరుముతున్నట్టు ఇంటికి పోయింది.

మూడో రోజు మందుల బండి తోసుకుంటూ మలుపు తిరిగేసరికి ఎదురుగా అతనే. ఇవాళ చేతిలో కాగితాలు లేవు. ఖాళీ చేతులు చూస్తే ఇంకా భయం వేసింది.

"బ్లాగు రాసేది మీరేనా అమ్మా?"

ఆమె మందుల బండిని అడ్డం పెట్టుకుంది.

"కాదు. నేను కాదు."

"మీరేనమ్మా. నేను మొత్తం చదివాను..."

ఒక అడుగు ముందుకేశాడు. ఆమె కెవ్వున అరిచింది.

సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చి, రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు. ఆ మనిషి తిరగబడలేదు. వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళాడు.

ఊపిరి కుదుటపడక ముందే మేట్రన్ గారి నుంచి పిలుపు.

అయిపోయింది అనుకుంది. మెట్లెక్కి ఆవిడ గది తలుపు తోసింది.

"కూర్చో. ఫిర్యాదులన్నీ కొట్టేశాం."

"ఎలా మేడమ్?"

"నిన్న ఒకాయన నీ బ్లాగంతా ప్రింటు తీయించి తెచ్చాడు. ఆ వాక్యానికి ముందు ఆ ముసలాయన పదకొండు రోజులు పడ్డ నరకం ఉంది, అది కూడా చదవండి అన్నాడు. పైకి చదివించాడు. సగంలోనే పెద్ద డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు."

"ఆయనకి... గడ్డం ఉందా మేడమ్?"

"అవును. నిన్ను కలిసే ఊరెళ్తానన్నాడు. కలవలేదూ?"

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను మీసం దువ్వుకున్నాడు.

"భయపడకండి సిస్టర్. బస్సెక్కించేదాకా వదల్లేదు. ఇంకోసారి కనబడితే కాళ్ళు విరగ్గొడతానన్నా. జన్మలో రాడు."

రోడ్డు మీద బస్సు లేదు. దుమ్ము కూడా సద్దుమణిగింది.

మళ్ళీ పైకొచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"ఎవరు మేడమ్ ఆయన?"

మేట్రన్ గారు బల్ల మీది కాగితాల కట్ట ఆమె వైపు జరిపారు.

"నువ్వు రోజూ ఆ ముసలాయన చెవి దగ్గర ఫోన్ పెట్టేదానివటగా, అవతల నుంచి ఆయన మూలుగు విన్న కొడుకు ఈయనే. నాన్న పోయాడని తెలిసినప్పుడు తనకీ హాయిగానే అనిపించిందట, ఆ మాట నీ ఒక్కదానితోనే చెప్పుకోగలనన్నాడు."