ముందుగా పిల్లని

“ముందు పిల్లకి తగిలించండిరా! చంపొద్దు, తాడు మాత్రం గట్టిగా పట్టుండాలి!” ఓడ మీంచి కెప్టెన్ జేబెజ్ అరిచాడు.

మాగ్డలీనా అఖాతంలో వేటపడవ ముందుకు దూకింది. తాడు కట్టిన ఈటె దిగగానే తిమింగలం పిల్ల నీళ్లలో గిలగిల్లాడింది.

రెండేళ్ల కొడుకు ఏసాను ఎత్తుకుని జేబెజ్ పక్కనే నిలబడ్డ అతని భార్య లురానా మొహం తిప్పుకుంది. “అంత పసిదాంట్లో ఏం నూనె వస్తుందండీ?”

“నూనె ఉండేది తల్లిలోనే, పిచ్చిదానా! ఊరికే తరిమితే అది సముద్రంలోకి పారిపోతుంది. పిల్ల మన తాడుకి ఉందనుకో, ఎన్ని పోట్లు పొడిచినా తల్లి వదిలి పోదు. మా నాన్న నేర్పిన విద్య ఇది.”

“ఆ విద్య నా మీద కూడా వాడారుగా.”

“నీ మీదా?”

“న్యూబెడ్‌ఫర్డ్ రేవులో నేను రానంటే రానని మొండికేస్తే, మీరు వీణ్ణి చంకనేసుకుని ఓడెక్కేశారు. వీడి ఏడుపు విని వెనకే ఎక్కాను. ఎక్కగానే నిచ్చెన పైకి లాగించారు.”

జేబెజ్ నవ్వబోయాడు. “అదేమిటే! నీ అంతట నువ్వే వచ్చావనుకున్నాను ఇన్నాళ్లూ.”

లురానా నీళ్లకేసి చూసింది.

తల్లి తిమింగలం తనంతట తనే పడవ దగ్గరికి వస్తోంది. వచ్చి, పిల్లకి అడ్డంగా ఒరిగింది.

“దొరా, పొడిచెయ్యమంటారా?” పడవలోంచి కేక.

భార్యవైపు చూడలేక జేబెజ్ తల దించుకున్నాడు. వద్దనడానికి నోరు పెగల్లేదు.

మౌనం అర్ధాంగీకారమనుకుని పడవవాడు ఈటె ఎత్తాడు.