చెయ్యి ఆపకు

"ఆ సూదిచ్చినోడు ఏడున్నడు? బయటికి పంపుండ్రి!"

రాయమల్లు ఇంటెన్సివ్ కేర్ వార్డు తలుపును రెండు చేతులా బాదుతున్నాడు. వరంగల్‌లోని ఆ దవాఖానలో ఈ వార్డు తెరిచి ఇంకా ఏడాది కూడా నిండలేదు. తలుపు అద్దం మాత్రం అప్పుడే రెండుసార్లు మార్చారు. మూడోసారికి రాయమల్లు సిద్ధంగా ఉన్నాడు, అతని వెనక పరకాల దిక్కు నుంచి ట్రాక్టరెక్కి వచ్చిన చుట్టాలు కర్రలతో సహా సిద్ధంగా ఉన్నారు.

పొద్దున పొలంలో అతని తండ్రి కట్టయ్యను తేలు కుట్టింది. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు సారంగపాణి మత్తు సూది ఇచ్చాడు. నొప్పి తగ్గలేదని మొత్తుకుంటే ఇంకోటి ఇచ్చాడు. నొప్పి తగ్గింది, దానితోపాటే ఊపిరీ తగ్గింది. కాశిబుగ్గలో పవర్‌లూమ్ నడిపే రాయమల్లుకు కబురందేసరికి, సారంగపాణే జీపులో తెచ్చి పడేసిన కట్టయ్య ఈ వార్డులో ఉన్నాడు.

తలుపు తెరుచుకుంది. హెడ్ సిస్టర్ లక్ష్మీనర్సమ్మ.

"అరుసుడు బంద్ చెయ్యి. నీ బాపును చూడాల్నంటే నువ్వొక్కనివే రా. కర్రలు రావు."

ఆమె లోపలికి తిరగ్గానే రాయమల్లు చుట్టాల వైపు వంగాడు. "వాడచ్చిన జీపు ఈడనే ఉంది. మీరు ఎన్క తల్పు కాడ నిలవడుండ్రి. ఎట్ల పోతడో చూద్దాం."

లోపల కట్టయ్య గొంతులో గొట్టం ఉంది. దాని చివర రబ్బరు సంచిని ఒకతను నొక్కుతున్నాడు. నొక్కినప్పుడల్లా కట్టయ్య రొమ్ము లేస్తోంది, వదిలితే దిగుతోంది. నొక్కే అతని నెత్తిన టోపీ, ముక్కూ నోరూ కప్పుతూ గుడ్డ, ఒంటిమీద ఆకుపచ్చ గౌను.

అతనే సారంగపాణి. గేటు దాటి పారిపోబోతుంటే లక్ష్మీనర్సమ్మే రెక్క పట్టి లాక్కొచ్చింది. ఏం చేస్తుంది మరి? ఊపిరాడించే మిషన్ ఒక్కటే, అది పక్క మంచం మీది పిల్లకు పెట్టారు. డాక్టరు గొట్టం వేసి, "మీరే చూసుకోవాలి సిస్టర్" అని ఆపరేషన్ థియేటరుకు ఉరికాడు. మత్తు దిగేదాకా చేత్తోనే ఊపిరి పొయ్యాలి. "నువ్వు ఆపిన ఊపిరి నువ్వే పొయ్యి" అని ఆ టోపీ, గుడ్డా తానే కట్టి సంచి చేతిలో పెట్టింది.

"బతుకుతడా సిస్టరమ్మా?" అడిగాడు రాయమల్లు.

"చెయ్యి ఆగకుంటే బతుకుతడు."

"నేను నొక్కుత, ఇటియ్యి."

రాయమల్లు సంచి లాక్కుని టకటకా నొక్కేశాడు. కట్టయ్య పెదవులు నల్లబడ్డాయి. లక్ష్మీనర్సమ్మ అతని చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఇదేమన్న మీ మగ్గమా? జరుగు!"

సంచి మళ్లీ సారంగపాణి చేతికి వచ్చింది. రాయమల్లు అతనికి దండం పెట్టాడు.

"కంపౌండరన్నా, నీ కాళ్లు మొక్కుత, చెయ్యి ఆపకు. మా బాపు లేవనీ, ఆ సారంగపాణిగాడు దొరకనీ, వాని రెండు చేతులు ఇరగ్గొడ్త!"

సంచి ఆగింది.

"చెయ్యి!" అరిచింది లక్ష్మీనర్సమ్మ.

సంచి కదిలింది. ఆమె కట్టయ్య నాడి పట్టుకుని రాయమల్లును ఓరగా చూసింది. తప్పు చేశానా? ముసుగులో ఉన్నదెవరో ఈ పిల్లగాడికి తెలిసిందా, ఆ మనిషిని అక్కడే కింద పడేసి కొడతాడు. వాళ్లు కొట్టుకునే లోపల కట్టయ్య పోతాడు. పోనీ తానే కూర్చుందామంటే బీపీ చూడాలి, గొట్టంలో కఫం తియ్యాలి, సెలైన్ మార్చాలి.

మధ్యాహ్నం కరెంటు పోయింది. పక్క మంచం మిషన్ ఆగింది. వార్డులో ఉన్న ఇంకో నర్సు ఆ పిల్లకు సంచి పట్టుకుని కూర్చుంది. ఇక మార్చుకుందామన్నా చేతులు లేవు. ఫ్యాను లేదు, ఉక్క. సారంగపాణి ముంజేతుల మీంచి చెమట కారి సంచి జారిపోతోంది.

"ఆగన్నా, నేను తుడుస్త" అని రాయమల్లు తువ్వాలు తీశాడు. సారంగపాణి గౌను చేతులు మోచేతి దాకా మడిచాడు. కుడి ముంజేతి మీద అరచేయంత తెల్ల మచ్చ. ఊళ్లో సూదులు ఉడకబెట్టే స్టవ్ ఎప్పుడో మండి కాలిన మచ్చ, ఊరంతా ఎరిగిందే.

లక్ష్మీనర్సమ్మ చూసేసరికే ఆలస్యమైంది. రాయమల్లు మచ్చ మీది చెమట తుడిచాడు, ఇంకో చెయ్యీ తుడిచాడు, తువ్వాలు భుజాన వేసుకుని పోయి తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మళ్లీ నోరెత్తలేదు. అరిచి అరిచి అలిసిపోయి ఉంటాడనుకుందామె.

ఎండ దిగుతుండగా కట్టయ్య రొమ్ము, సంచి నొక్కకముందే లేచింది. మళ్లీ లేచింది. గొట్టం అడ్డం పడి దగ్గొచ్చింది, కళ్లు తెరిచాడు.

"ఇగ చెయ్యి తియ్యి" అంది లక్ష్మీనర్సమ్మ.

సారంగపాణి వేళ్లు తెరుచుకోవడం లేదు. ఆమే ఒక్కొక్క వేలూ విప్పింది. రాయమల్లు తండ్రి పాదాల మీద తల పెట్టి ఏడుస్తున్నాడు. ఇదే అదను. ఆమె సారంగపాణిని వెనక తలుపు దగ్గరికి నెట్టుకుపోయింది.

"ముఖం మీది గుడ్డ తియ్యకుండ పో. మళ్ల సూది పట్టినవని తెలిస్తే నేనే పోలీసులను తోల్కవస్త."

గడియ మీద చెయ్యి వేసింది. వెనక నుంచి ఇంకో చెయ్యి వచ్చి ఆ గడియను గట్టిగా నొక్కిపట్టింది. రాయమల్లు.

"ఎన్కకెల్లి పోకు డాక్టర్ సాబ్, ఆడ మావోళ్లను నేనే నిలవెట్టిన. ముందటికెల్లి పో."