హార్మోనియం పెట్టెలకు అడ్రసు

ఫెబా, నీకు ఒంట్లో బాగుందా? మీ ఆయనకు దగ్గు తగ్గిందా? పాపకు పళ్లొచ్చే జ్వరం ఆగిందా? ఇక్కడ చిద్రిలో నా మోకాళ్లు తప్ప అందరం బాగున్నాం.

మీ అన్న హార్మోనియం మరమ్మతుకు నువ్వు వెబ్‌సైటు పెట్టి నాలుగు నెలలైనా ఒక్క గిరాకీ రాలేదు. ఇట్లాగైతే మీ హైదరాబాదులో వాచ్‌మన్ పనికి పోతానన్నాడు. పాటలవాళ్లు తమ పేజీల్లో మన అడ్రసు పెడితేనే వెతికేవాళ్లకు ముందు కనిపిస్తామన్నావు. నువ్వు రాసిన ఉత్తరాలకు ఎవరూ పలకలేదు. మొహం చూడకుండా ఎవరు పెడతారే?

నేను కోళ్ల ఫారం వాళ్ల పేజీలో మన అడ్రసు పెట్టిస్తే నవ్వావు. "కోళ్లు భజన చేస్తయా నానమ్మా?" అన్నావు.

అందుకే బస్సెక్కి చింతకి ఊరికి పోయాను. అక్కడ రాచయ్య తన భజన పాటలు కంప్యూటర్లో పెడతాడు. మన అడ్రసూ రాయమని అడిగాను. "ఊకెనే ఎట్ల రాస్తనమ్మా? మా పెట్టె రెండేండ్ల సంది మూల్గుతాంది. బాగ చేసియ్యమను. గురువారం భజనల మంచిగ పలికితె రాస్త" అన్నాడు.

మీ అన్న బాగు చేసిచ్చాడు. గురువారం భజనలో పెట్టె పలికింది, రాచయ్య రాశాడు. అది చూసి బసవకళ్యాణ్ భజనవాళ్లూ, మన చర్చి పాటలవాళ్లూ పెట్టారు. ఇప్పుడు ఇంట్లో తొమ్మిది పెట్టెలు. ఎలుకలు కొరుకుతాయేమోనని నాకు నిద్ర లేదు.

పోతానన్నది ఉత్త బెదిరింపనుకున్నాను. వాడు బస్సు టికెట్టు కొని దాచుకున్నాడు. నిన్న తెచ్చి నా చేతిలో పెట్టాడు. పదమూడో తారీఖు సోమవారం, ఆ సీటులో నీ దగ్గరికి నేను వస్తున్నాను.

మీ నానమ్మ