బాయిలర్‌లో దెయ్యం పిల్ల

తమ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే ఆ ఇద్దరికీ పెళ్లి చేసి తీరాలని, సీరియల్ చదువుతూ చదువుతూనే నిర్ణయించేసుకున్నారు బాలత్రిపురసుందరి గారు.

సీరియల్ రాసేది వాళ్లలో ఒకతి, చరిత. కెనడాలోని వాటర్లూలో చదువు, సాయంత్రాలు కాఫీ షాపులో ఉద్యోగం, మిగిలిన టైములో ఫోన్‌లో నవల. నిజాం కాలపు హైదరాబాదు మీద ఆవిరితో ఎగిరే ఓడలు. వాటిని నడిపే రాగిచెయ్యి ఇంజనీరు. అతని బాయిలర్‌లో మకాం పెట్టిన దెయ్యం పిల్ల. మొదట ఒకరి పీక ఒకరు పిసకబోతారు. తర్వాత ఒకరి కోసం ఒకరు చచ్చిపోతామంటారు. పిల్ల ఎప్పుడో చచ్చింది కదా అని ఎవరూ అడగరు.

పగతో మొదలైతే ప్రేమతో ముగియాల్సిందేనని ఆవిడకి ఈ సీరియల్ వల్లే తెలిసింది.

చరితకీ, పక్కగది రేవంత్‌కీ ఉప్పూ నిప్పూ. ఆంటీ మెట్లు దిగితే చాలు, పంచాయితీ మొదలు. తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడని ఆమె. పప్పులో ఉప్పు వేయదని అతను.

ఆవిడ భర్త జనార్ధనరావు గారు విసిగిపోయారు. ముందొచ్చినవాడు రేవంత్ కాబట్టి చరితని ఖాళీ చేయమంటానన్నారు. ఊరంతా స్టూడెంట్లే. జనవరి చలిలో ఆ పిల్లకి గది ఎక్కడ దొరుకుతుంది? ఆవిడ మనసు తరుక్కుపోయింది. పెళ్లి చేసేస్తే సరి అన్నారు.

"జంటలకి ఇల్లివ్వనని రూల్ పెట్టింది నువ్వే కదా," అని గుర్తుచేశారాయన.

"నా చేతుల మీదుగా అయ్యే పెళ్లికి రూలేమిటండీ?"

ఆవిడ ముందు చరితని కదిపారు.

"అతనితో కాపురం చేస్తే పిచ్చెక్కుతుంది ఆంటీ."

తర్వాత రేవంత్‌ని.

"ఆమెని చేసుకునేవాడి గతి పగవాడికి కూడా వద్దు ఆంటీ."

ఆవిడ పొంగిపోయారు. దెయ్యం పిల్లా, ఇంజనీరూ సరిగ్గా ఇలాగే అన్నారు, ముద్దుకి ముందు ఎపిసోడ్‌లో. ఇక ఆలస్యం అమృతం విషం.

అద్దెకి దిగినప్పుడు చరిత ఇచ్చిన నంబరుకి, వరంగల్‌లో ఉన్న వాళ్లమ్మకి ఫోన్ కలిపారు. రేవంత్ బుద్ధిమంతుడని, ఇద్దరూ పైకి కొట్టుకుంటున్నా లోపల ప్రేమేనని, మీరు ఊ అంటే పెళ్లి ఖర్చు కూడా తనదేనని ఊపిరి తీసుకోకుండా చెప్పారు.

అంతా విని, వాళ్లమ్మ అడిగింది.

"మళ్లెందుకమ్మా, ఆ పిల్లగానితోనే నిరుడు మాఘమాసంల చేసినం గదా."